మందులకు లొంగని ఓసీడీకి మెదడు స్టిమ్యులేషన్: ఎవరికి పనిచేస్తుంది? డోన్ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

డోన్‌లో ఎండాకాలం నీళ్ల విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ట్యాంకర్ వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు నింపుకుని లెక్కగా వాడుకునే ఇల్లు ఒకటి ఊహించుకోండి. ఆ ఇంట్లో ఒకరు చేతులు కడగడానికే సగం డ్రమ్ము ఖాళీ చేస్తున్నారు. చర్మం ఒలిచిపోయి మంట పుడుతున్నా ఆపలేకపోతున్నారు. ఇంట్లోవాళ్లు నచ్చజెప్పారు, కోప్పడ్డారు, కొళాయి కట్టేశారు, స్నానాల గదికి తాళం కూడా వేశారు. ఏదీ పనిచేయలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మందులు రాశారు. ఏళ్లు గడిచినా పెద్దగా మార్పు లేదు.

ఇలాంటి దశలో ఎవరో ఒకరు 'మెదడుకు మ్యాగ్నెట్ ట్రీట్‌మెంట్ వచ్చిందట, తగ్గిపోతుందట' అని చెబుతారు. ఫోన్‌లో వెతికితే ప్యాకేజీల ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. అది నిజమైన చికిత్సేనా? మీ ఇంట్లోవాళ్లకు అవసరమా? కరెంటు షాక్‌కు, దీనికి తేడా ఏమిటి? ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ చేస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఓసీడీ అంటే అతిశుభ్రం ఒక్కటేనా?

కాదు. 2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమాతో ఓసీడీ అనే మాట తెలుగు ఇళ్లలో బాగా పాకింది. దాంతో ఓసీడీ అంటే శుభ్రత పిచ్చి అన్న అభిప్రాయమూ స్థిరపడింది. అసలు జబ్బు అంతకంటే పెద్దది.

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి, వద్దనుకున్నా పదే పదే వచ్చిపడే ఆలోచన. చేతికి మురికి అంటిందేమో, గ్యాస్ కట్టేశానో లేదో, నా చేతులతో నా బిడ్డకే హాని చేస్తానేమో, దేవుడి ముందు పాడు ఆలోచన వచ్చిందే... ఇలా ఏదైనా కావచ్చు. రెండోది, ఆ ఆందోళన తగ్గడానికి చేసే పని. కడగడం, తాళం లాగి చూడటం, లెక్కపెట్టడం, వస్తువులు ఒకే వరుసలో పెట్టడం, మనసులోనే మంత్రంలా ఏదో అనుకోవడం. పని చేసిన కాసేపు ఊరట ఉంటుంది. మళ్లీ ఆలోచన మొదలవుతుంది. గానుగెద్దులా మనసు అక్కడక్కడే తిరుగుతుంది.

ఈ ఆలోచనలో అర్థం లేదని చాలామంది రోగులకు తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే ఈ జబ్బు. అందుకే 'నీకు బుద్ధి లేదా' అని తిట్టడం వల్ల సిగ్గు పెరుగుతుందే తప్ప జబ్బు తగ్గదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించడం వల్ల పోయేది డబ్బు, కాలం.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 0.8 శాతం మందికి ఓసీడీ ఉంది. అంటే వెయ్యి మందిలో 8 మంది. ఆ లెక్కన డోన్ అంత పట్టణంలోనూ వందల్లోనే ఉండాలి. బయటికి చెప్పుకునేవాళ్లు తక్కువ కాబట్టి మనకు కనిపించరు.

'తీవ్రమైన ఓసీడీ' అని ఎలా తేలుస్తారు?

డాక్టర్లు వై-బాక్స్ అనే స్కేలు వాడతారు. ఆలోచనలు, పనులు రోజులో ఎంత సమయం తింటున్నాయి, ఎంత బాధ పెడుతున్నాయి, ఎంతవరకు ఆపుకోగలుగుతున్నారు వంటి పది ప్రశ్నలు అడిగి 0 నుంచి 40 వరకు మార్కులు వేస్తారు. ఈ స్కేలులో మార్కులు పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువని అర్థం. సాధారణంగా 24 దాటితే తీవ్రం, 32 దాటితే అతి తీవ్రం అంటారు.

ఈ అంకె మీ దగ్గర ఉండటం ముఖ్యం. చికిత్స మొదలుపెట్టేముందు ఎంత ఉంది, మూడు నెలల తర్వాత ఎంతకు దిగింది అన్నది రాసి ఉంటేనే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలుస్తుంది. మీ చీటీ మీద ఆ అంకె లేకపోతే రాయమని డాక్టర్‌ను అడగండి.

ముందు చూసుకోవాల్సింది: మందులు సరిగ్గా వాడారా?

'మందులు పనిచేయలేదు' అని వచ్చేవాళ్లలో కొందరికి నిజానికి మందులు సరైన మోతాదులో, సరైన కాలం అందలేదు. మెదడు స్టిమ్యులేషన్ గురించి ఆలోచించే ముందు ఈ మూడూ చూసుకోండి.

మొదటిది మోతాదు. ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులను డిప్రెషన్‌కూ వాడతారు. ఓసీడీకి మాత్రం సాధారణంగా అంతకంటే ఎక్కువ మోతాదు కావాలి. ఎంత అన్నది డాక్టరే తేల్చాలి. మీరు సొంతంగా పెంచకూడదు.

రెండోది కాలం. జ్వరం మాత్రలా రెండు రోజుల్లో తేడా కనిపించదు. ఒక మందు పనిచేసిందా లేదా అని చెప్పాలంటే తగిన మోతాదులో దాదాపు 12 వారాలు చూడాలి. నెల రోజులు మింగి మానేస్తే ఆ మందు 'ఫెయిల్' అయినట్టు లెక్క కాదు. ఒకటి పనిచేయకపోతే అదే కోవలోని మరొకటి, తర్వాత క్లోమిప్రమిన్, ఆ తర్వాత రిస్పెరిడోన్ లేదా అరిపిప్రజోల్ వంటి మందును తక్కువ మోతాదులో జతచేయడం... ఇలా మెట్లున్నాయి.

మూడోది థెరపీ. చాలామందికి అందనిది ఇదే. ఈఆర్‌పీ అనే పద్ధతిలో రోగిని భయపెట్టే పరిస్థితికి కొద్దికొద్దిగా దగ్గర చేస్తారు. తలుపు గడియ ముట్టుకోమంటారు, కానీ చేతులు కడగనివ్వరు. ఆందోళన పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. కడగకపోయినా ఏమీ కాలేదని మెదడు నేర్చుకుంటుంది. శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారాల తరబడి చేయాల్సిన పని ఇది. ఇంట్లోవాళ్లు బలవంతంగా చేయించేది కాదు.

ఈ మూడూ సవ్యంగా జరిగాక కూడా మార్పు లేకపోతే దాన్ని మందులకు లొంగని ఓసీడీ అంటారు. మెదడు స్టిమ్యులేషన్ ప్రధానంగా వీళ్ల కోసమే.

మెదడులో ఏం జరుగుతోంది?

నుదుటి వెనక ఉండే మెదడు భాగం 'ఏదో తప్పు జరిగింది' అని హెచ్చరిక పంపుతుంది. లోతుగా ఉండే స్ట్రయాటమ్, థాలమస్ అనే భాగాలు ఆ హెచ్చరికను వడపోసి తిరిగి పంపుతాయి. పని అయిపోతే హెచ్చరిక ఆగాలి. ఓసీడీలో ఈ చుట్టు అతిగా పనిచేస్తున్నట్టు మెదడు స్కానింగ్ పరిశోధనల్లో కనిపించింది. గ్యాస్ కట్టేశారు, కళ్లతో చూశారు, అయినా 'అయిపోయింది' అన్న సంకేతం అందదు.

మందులు ఈ చుట్టును రసాయనాలతో సర్దుతాయి. స్టిమ్యులేషన్ అదే చుట్టును అయస్కాంత శక్తితోనో, విద్యుత్తుతోనో సర్దడానికి ప్రయత్నిస్తుంది. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి: తలపై నుంచి చేసేది, తల లోపల అమర్చేది.

ఆర్‌టీఎంఎస్: కోత లేని పద్ధతి

దీన్నే జనం 'మ్యాగ్నెట్ ట్రీట్‌మెంట్' అంటున్నారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం ఈ యంత్రాన్ని రూపొందించింది. మీరు కుర్చీలో కూర్చుంటారు. తల దగ్గర ఒక కాయిల్ పెడతారు. అందులోంచి వచ్చే అయస్కాంత తరంగాలు పుర్రె దాటి మెదడు పైపొరలో చిన్న విద్యుత్ కదలిక పుట్టిస్తాయి. మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉంటారు. టకటకమని శబ్దం వస్తుంది కాబట్టి చెవుల్లో ప్లగ్‌లు పెడతారు. సిట్టింగ్ సాధారణంగా అరగంట లోపే. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు సాగుతుంది.

ఎంతవరకు పనిచేస్తుంది? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 ఆగస్టులో ఓసీడీకి 'డీప్ టీఎంఎస్' యంత్రాన్ని అనుమతించింది. 100 మందిపై జరిగిన పరీక్ష దానికి ఆధారం. అసలు చికిత్స అందినవాళ్లలో 38 శాతం మందికి, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్లలో 11 శాతం మందికి వై-బాక్స్ మార్కులు 30 శాతానికి మించి తగ్గాయి.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవండి. తేడా నిజమే. కానీ చికిత్స తీసుకున్నవాళ్లలో సగానికి పైగా ఆ మేరకు మేలు పొందలేదు. మేలు పొందినవాళ్లకు కూడా జబ్బు 'పోయింది' అని కాదు, చెప్పుకోదగ్గంత తగ్గింది అని అర్థం. పైగా వాళ్లు మందులో, థెరపీయో కొనసాగిస్తూనే చికిత్స తీసుకున్నారు. ప్రతి సిట్టింగ్‌కు ముందు రోగిని భయపెట్టే ఆలోచనను కావాలనే రేపారు. ఆ చుట్టు పనిచేస్తున్న సమయంలోనే తరంగాలు పంపడం అందులో భాగం. మీరు వెళ్లే చోట వాడే కాయిల్, పద్ధతి ఇదే కాకపోవచ్చు. అందుకే అడగాలి.

దుష్ప్రభావాల్లో తలనొప్పి, కాయిల్ పెట్టిన చోట నొప్పి ఎక్కువగా కనిపిస్తాయి. అరుదుగా మూర్ఛ రావచ్చు. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లు, తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. చాలా సందర్భాల్లో వీళ్లకు ఈ చికిత్స చేయరు.

టీడీసీఎస్ అనేది ఇంకో పద్ధతి. తలపై రెండు ప్యాడ్లు పెట్టి రెండు మిల్లీయాంపియర్ల వంటి అతి తక్కువ కరెంటు పంపుతారు. ఓసీడీకి దీనిపై నిమ్హాన్స్‌లోనూ పరిశోధనలు జరిగాయి. అయితే అవి చిన్న పరీక్షలు. ఆన్‌లైన్‌లో దొరికే పరికరాలు కొని ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి.

డీబీఎస్: మెదడులో తీగ అమర్చే ఆపరేషన్

ఇది ఆఖరి మెట్టు. న్యూరో సర్జన్ పుర్రెకు చిన్న రంధ్రం చేసి సన్నని ఎలక్ట్రోడ్లను మెదడు లోతులో అమర్చుతారు. ఛాతీపై చర్మం కింద పేస్‌మేకర్ లాంటి బ్యాటరీ పెట్టి తీగతో కలుపుతారు. పార్కిన్సన్స్ రోగులకు చేసేది ఇదే ఆపరేషన్. ఓసీడీకి దీన్ని వాడిన ఫలితాలను బెల్జియంలోని లువెన్ వైద్యుడు బార్ట్ నట్టిన్ బృందం 1999లో మొదటిసారి ప్రచురించింది. ఎఫ్‌డీఏ 2009లో పరిమిత అనుమతి ఇచ్చింది. మన దేశంలో ముంబైలోని జస్‌లోక్ ఆసుపత్రి న్యూరో సర్జన్ పరేశ్ దోషి ఓసీడీకి శస్త్రచికిత్సలపై పనిచేసినవారిలో ఒకరు.

అప్పటివరకు ప్రచురితమైన 31 అధ్యయనాల్లోని 116 మంది ఫలితాలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే సుమారు 60 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. వాళ్లంతా అన్నీ ప్రయత్నించి ఓడిపోయినవాళ్లు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ప్రపంచం మొత్తం మీద పోగేసినా 116 మందే ఉండటం కూడా గమనించాలి.

ఇది మెదడు ఆపరేషన్. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు ఉంటుంది. కరెంటు సర్దుబాటు చేసే నెలల్లో ఉన్నట్టుండి అతి ఉత్సాహం, నిద్ర తగ్గడం, చిరాకు వంటివి రావచ్చు. బ్యాటరీ అయిపోతే మళ్లీ చిన్న ఆపరేషన్ చేసి మార్చాలి. మంచి విషయం ఏమిటంటే, పనిచేయకపోతే ఆపేయొచ్చు, తీసేయొచ్చు. ఏళ్ల తరబడి తీవ్రమైన జబ్బు ఉండి, పలు మందులు, థెరపీ విఫలమయ్యాయని రికార్డులతో నిరూపణ అయినవాళ్లకే దీన్ని పరిశీలిస్తారు.

ఇది కరెంటు షాకేనా?

కాదు. షాక్ ట్రీట్‌మెంట్ అని పిలిచే ఈసీటీలో మత్తు ఇచ్చి, నియంత్రిత పరిస్థితుల్లో మెదడులో కాసేపు మూర్ఛ పుట్టిస్తారు. తీవ్రమైన డిప్రెషన్ వంటివాటికి అది మంచి చికిత్సే. కానీ ఓసీడీకి అది మామూలుగా వాడే చికిత్స కాదు. ఆర్‌టీఎంఎస్, డీబీఎస్‌లలో మూర్ఛ పుట్టించడం ఉద్దేశం కానే కాదు.

చట్టం మీకేం హామీ ఇస్తోంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇందులో మీకు పనికొచ్చేవి ఇవి.

- సెక్షన్ 96 ప్రకారం మానసిక జబ్బుకు చికిత్సగా మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి స్వయంగా, అన్నీ తెలుసుకుని సమ్మతి ఇవ్వాలి. దాంతోపాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఆమోదం కావాలి. ఇంట్లోవాళ్ల సంతకం ఒక్కటే సరిపోదు.
- సెక్షన్ 95 ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం.
- సెక్షన్ 25 ప్రకారం మీ వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు మీకుంది.
- సెక్షన్ 21 ప్రకారం బీమా కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

డోన్ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మొదటి అడుగు ఫోన్. టెలి మానస్ నంబరు 14416, లేదా 1800-891-4416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ 24 గంటలూ అందుతుంది. తెలుగులో మాట్లాడొచ్చు. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా అడగొచ్చు.

రెండో అడుగు ప్రభుత్వ సైకియాట్రీ ఓపీ. డోన్ ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. కానీ చాలామందికి అలవాటైన దారి కర్నూలే. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి ఓపీ రోజులు ముందుగా కనుక్కుని వెళ్లండి. కడప వైపు బంధువులుంటే రిమ్స్ ప్రాంగణంలోని మానసిక వైద్యశాల మరో దారి. రోగ నిర్ధారణ, మందులు, వై-బాక్స్ మార్కులు... ఇవన్నీ ఇక్కడే మొదలుకావాలి.

మూడో అడుగు నిమ్హాన్స్. 1980ల్లో పక్కనున్న బళ్లారి జిల్లాలో ఈ సంస్థ చేసిన ప్రయోగమే తర్వాత 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. అక్కడ ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. దాన్ని చాలాకాలం నడిపించిన ప్రొఫెసర్ వై.సి.జనార్దన్ రెడ్డి, సహచరులు రాసిన చికిత్సా మార్గదర్శకాలను ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2017లో ప్రచురించింది. డోన్ జంక్షన్ హైదరాబాద్–బెంగళూరు రైలు మార్గంలోనే ఉండటం మీకు కలిసొచ్చే విషయం. నేరుగా వెళ్లొచ్చు. కానీ కర్నూలులోనో, నంద్యాలలోనో వాడిన మందుల రికార్డు చేతిలో ఉంటే అక్కడి డాక్టర్లు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం తగ్గుతుంది.

వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితంపై ఇవి రాసుకెళ్లండి: ఏ మందు, ఎంత మోతాదు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎందుకు మానేశారు. పాత చీటీలు పారేయకండి. ఆ ఒక్క కాగితమే మీ నెలలను మిగుల్చుతుంది.

ఖర్చు సంగతేమిటి?

ఆర్‌టీఎంఎస్‌కు సిట్టింగ్ చొప్పున తీసుకుంటారు. ఆసుపత్రిని బట్టి ధర మారుతుంది. మీరు లెక్కలో మరిచిపోయేది బస ఖర్చు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు అంటే డోన్ నుంచి రోజూ బెంగళూరుకో, హైదరాబాద్‌కో వెళ్లిరావడం కుదరదు. రోగితోపాటు ఒక మనిషికి తిండి, అద్దె, పోయే కూలి లేదా జీతం కూడా కలిపి లెక్క వేసుకోండి. డీబీఎస్ అయితే పరికరం ఖరీదే లక్షల్లో ఉంటుంది. తర్వాత బ్యాటరీ మార్పులుంటాయి.

ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల జాబితాలో మానసిక రుగ్మతలు, ఆర్‌టీఎంఎస్ సిట్టింగ్‌లు కూడా ఉన్నాయి. మీ కార్డుకు, మీరు వెళ్లే ఆసుపత్రికి అది వర్తిస్తుందా అన్నది చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ అడగండి. ప్రైవేటు బీమా ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో, పాలసీల నుంచి తప్పించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో డీబీఎస్‌ను చేర్చింది. అయితే కంపెనీ పరిమితి పెట్టొచ్చు. ఆర్‌టీఎంఎస్‌ను ఓపీలో చేస్తారు కాబట్టి చాలా పాలసీల్లో పేచీ వస్తుంది. 'ఇస్తాం' అన్న మాటను మెయిల్‌లో రాయించుకోండి.

ఓసీడీ వల్ల చదువు, ఉద్యోగం పూర్తిగా దెబ్బతింటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని తేలితే పలు పథకాలకు అర్హత వస్తుంది. సదరం స్లాట్ గురించి మీ సచివాలయంలో అడగండి.

డబ్బు కట్టేముందు ఈ ఆరు ప్రశ్నలు అడగండి

1. మా మనిషి వై-బాక్స్ మార్కులు ఇప్పుడెంత? మళ్లీ ఎప్పుడు చూస్తారు?
2. ఇంకా ప్రయత్నించని మందు గానీ, ఈఆర్‌పీ గానీ మిగిలి ఉందా?
3. ఏ కాయిల్ వాడతారు? ఓసీడీకి ఆ పద్ధతిపై ఆధారాలేమిటి?
4. సిట్టింగ్‌లు ఎన్ని? మధ్యలో మేలు కనిపించకపోతే ఎప్పుడు ఆపుతారు? మిగిలిన డబ్బు వెనక్కిస్తారా?
5. సైకియాట్రిస్టు ఎదుటే ఉంటారా? మూర్ఛ వస్తే ఏం చేస్తారు?
6. కోర్సు అయ్యాక మందులు, థెరపీ ఎవరు చూస్తారు?

'నూటికి నూరు శాతం గ్యారంటీ' అన్నవాళ్ల దగ్గర, మందులన్నీ వెంటనే ఆపేయమన్నవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

అప్పటివరకు ఇంట్లో ఏం చేయాలి?

రోగి అడిగిన ప్రతిసారీ 'అవును, తాళం వేశాను' అని చెప్పడం, వాళ్లతోపాటు మీరూ మళ్లీ మళ్లీ కడగడం ప్రేమతో చేసేవే. కానీ అవి జబ్బుకు మేత వేస్తాయి. అలాగని ఒక్కసారిగా అన్నీ ఆపేసి, నీళ్లు కట్టేసి శిక్షించినా ఫలితం ఉండదు. దేన్ని, ఎంత నిదానంగా తగ్గించాలో థెరపిస్టుతో కలిసి నిర్ణయించుకోండి. మందులు మీ అంతట మీరు ఆపకండి.

బతకాలని లేదని రోగి అంటే అది బెదిరింపు అనుకోకండి. పక్కనే ఉండండి, వెంటనే 14416కు ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. స్టిమ్యులేషన్ అవసరమా కాదా అన్నది తర్వాత తేలుతుంది. చాలామందికి ఆ మెట్టు దాకా వెళ్లాల్సిన పనే రాదు. సరైన మందు, సరైన మోతాదు, సరైన థెరపీ అందితే కింది మెట్ల దగ్గరే తెరిపి దొరుకుతుంది. ఈ వారమే పాత చీటీలన్నీ ఒక కవర్లో పెట్టండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.